గుండాల బుగ్గ, రామదాసు నేల

మాది రావిర్యాల. రంగారెడ్డి జిల్లా, మహేశ్వరం మండలం. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి మా ఆకాశంలో విమానాలు ఆగడం లేదు. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. 2016లో మా ఊళ్ళోనే పెద్ద నీళ్ళ ఆటల పార్కు వచ్చింది. సెలవు వస్తే చాలు, హైదరాబాదు నగరం నలుమూలల నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని జనం అక్కడికి వస్తారు. నీళ్ళంటే మనుషులకు ఎంత ఇష్టమో అక్కడ చూస్తే తెలుస్తుంది. ఆ పిల్లలకు ఒక సంగతి ఎవరైనా చెబితే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఏ మోటారూ ఏ బాయిలరూ లేకుండా నేలలోంచి వేడినీళ్ళు ఊరే చోటు మన గోదావరి ఒడ్డున ఒకటుంది. చేత్తో ఇసుక తవ్వితే చాలు. భద్రాచలం నుంచి 5 కిలోమీటర్లు. ఆ ఊరి పేరు గుండాల. ఆ బుగ్గను ఉష్ణగుండం అంటారు.

భద్రాచలం వెళ్ళనివాళ్ళు మనలో తక్కువ. వెళ్ళి గుండాల చూసివచ్చిన వాళ్ళు మాత్రం ఇంకా తక్కువ. దర్శనం చేసుకుంటాం, ప్రసాదం కొనుక్కుంటాం, సమయముంటే పర్ణశాల వెళ్తాం, బస్సెక్కుతాం. ఇవాళ మీతో ఆ బుగ్గ గురించి మాట్లాడాలని వచ్చాను. బుగ్గతో పాటు, ఆ నేల పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చే కంచర్ల గోపన్న గురించి కూడా. ఆయనే మన భక్త రామదాసు. ఈ రెంటినీ విడదీసి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే ఒక కవి పాడిన ఊరిని చూడటమంటే ఆయన కట్టించిన గుడి ఒక్కటే చూడటం కాదు. ఆయన తిరిగిన ఒడ్డు, దాటిన నది, ఆ నేల గుణం, అన్నీ చూడాలి.

రావిర్యాల వాడికి రామదాసుతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా మండల కేంద్రం మహేశ్వరంలో శివగంగ గుడి ఉంది. రాజరాజేశ్వరస్వామి వెలసిన ఆ గుడికి పెద్ద కోనేరు, దాని చుట్టూ చిన్న చిన్న శివాలయాలు. అది అక్కన్న మాదన్నల కాలపు కట్టడమని మా పెద్దలు చెబుతారు. గోల్కొండ చివరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో ఆ అన్నదమ్ములిద్దరూ చక్రం తిప్పారు. కంచర్ల గోపన్న వాళ్ళకు మేనల్లుడని ప్రతీతి. మేనమామల పలుకుబడి వల్లే ఆయనకు పాల్వంచ పరగణాలో తహసీల్దారు ఉద్యోగం దొరికిందంటారు. ఇక ఆయనను బంధించిన గోల్కొండ ఖిల్లా మాకు ఎంతో దూరం లేదు. రామదాసు బందీఖానా అని చూపించే ఆ గదిలోకి మీరు వెళ్ళే ఉంటారు. లోపల చీకటి. పైకప్పులో ఉన్న కంతలోంచి కాస్త వెలుతురు పడుతుంది. రాతి గోడ మీద సీతారాములూ, ఆంజనేయుడూ చెక్కి ఉంటారు. ఎండాకాలంలో కూడా ఆ రాయి మీద చెయ్యి వేస్తే చల్లగా తగులుతుంది. అంటే రామదాసు కథకు ఒక కొస మా వైపున ఉంది. రెండో కొస గోదావరి మీద ఉంది. నడుమ 300 కిలోమీటర్ల పైచిలుకు దారి.

ఆ దారిన వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒకటుంది. ఔటర్ మీదుగా విజయవాడ హైవే ఎక్కాక సూర్యాపేట దగ్గర మళ్ళకుండా కోదాడ దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఖమ్మం దారి పట్టండి. కాస్త చుట్టే. అయితే ఆ దారిలో నేలకొండపల్లి వస్తుంది. గోపన్న పుట్టిన ఊరది. ఆయన పేరుతో అక్కడ ధ్యానమందిరం ఉంది. అదే ఊళ్ళో పాతకాలపు బౌద్ధ స్తూపం కూడా ఉంది. గోపన్న పుట్టడానికి వెయ్యేళ్ళకు ముందు నుంచే ఆ ఊరికి యాత్రికులు వచ్చేవారు. ఆ మట్టిలో ఆడుకుంటూ పెరిగిన పిల్లవాడికి గుడి కట్టించాలన్న తపన కలగడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు.

ఖమ్మం, కొత్తగూడెం దాటాక పాల్వంచ. ఇప్పుడు అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం గొట్టాలు కనబడతాయి. గోపన్న కాలంలో అది అడవి పరగణా. శిస్తు వసూలు చేసి గోల్కొండకు పంపడం ఆయన పని. ఉద్యోగం మీద తిరుగుతూ భద్రగిరికి వచ్చాడు. అప్పటికి ఆ కొండ మీద గొప్ప ఆలయమేమీ లేదు. పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అడవిలో దొరికిన విగ్రహాలకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి పూజిస్తూ ఉండేదని స్థలపురాణం. ఈ కథలో నన్ను కదిలించేది ఆమే. తహసీల్దారుకు ముందు అక్కడ దమ్మక్క ఉంది. సర్కారు సొమ్ముకు ముందు ఆమె తాటిపండు ఉంది. గోపన్న ఆ పందిరి చూశాడు. శిస్తు కింద వసూలైన 6 లక్షల వరహాలు ఖర్చుపెట్టి గుడి కట్టించాడంటారు. సుల్తానుకు కబురు వెళ్ళింది. ఆ తర్వాత 12 ఏళ్ళ చెరసాల.

ఆ చెరలోంచే మనకు ఆ కీర్తనలు వచ్చాయని మన నమ్మకం. రామదాసు కీర్తనల్లో నాకు నచ్చేది ఆ మాటతీరు. దేవుడితో మాట్లాడుతున్నట్టు ఉండదు, ఇంటి పెద్దతో తగువు పెట్టుకున్నట్టు ఉంటుంది. ఒక కీర్తనలో పద్దు చెబుతాడు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకానికి ఎంతయింది, భరతుడికి చేయించిన పతకానికి ఎంతయింది, వరుసగా అప్పగిస్తాడు. లెక్కలు రాసే ఉద్యోగి కదా, భక్తిలో కూడా లెక్క పోలేదు. కోపం వచ్చి రాముణ్ణి నిలదీస్తాడు, ఆ వెంటనే నొచ్చుకుని క్షమించమంటాడు. రాముడు వినకపోతే సీతమ్మను పట్టుకుంటాడు, నువ్వైనా ఒక మాట చెప్పమ్మా అని. తెలుగు ఇళ్ళలో పని జరగాలంటే ఎవరి ద్వారా చెప్పించాలో ఆయనకు తెలుసు. దాశరథీ శతకం రాసినవాడూ ఆయనే. ఛందస్సు తెలిసిన చెయ్యి ఆయనది. అలాంటివాడు కావాలనే పామరుల నోట పలికే మాటలతో పాట కట్టాడు. త్యాగరాజు తన రచనల్లో ఆయనను తలుచుకున్నాడంటే ఆ పాటకు ఎంత విలువ ఉందో ఆలోచించండి. ఇక రేడియో ముందు కూర్చున్న మన తరానికి ఆ కీర్తనలు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులోనే అలవాటయ్యాయి. పొద్దున్నే భక్తిరంజనిలో ఆయన పాడుతుంటే వంటింట్లో అమ్మ చేస్తున్న పని ఆపి వినేది.

కథ చివర మీకు తెలిసిందే. రామోజీ, లక్ష్మోజీ అని ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి తానీషాకు బాకీ మొత్తం చెల్లించారని, గోపన్న విడుదలయ్యాడని. ఆ నాణేలు రామటెంకెలుగా గుడిలో ఇప్పటికీ చూపిస్తారు. శ్రీరామనవమి కల్యాణానికి పాలకులు ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతో మొదలైందంటారు. నిజాముల కాలంలో సాగింది, ఇవాళ్టి ప్రభుత్వం కూడా పంపుతోంది. చరిత్ర మాత్రం అంత సుఖంగా ముగియలేదు. 1686లో గోల్కొండ వీధుల్లో అక్కన్న మాదన్నలను చంపేశారు. మరుసటి ఏడు, 1687లో, ఔరంగజేబు సైన్యానికి కోట దక్కింది. తానీషా తానే బందీ అయ్యాడు. గుడి మిగిలింది. పాట మిగిలింది.

ఇక గుండాల సంగతి.

సారపాక దగ్గర వంతెన దాటితే భద్రాచలం. పట్నం తెలంగాణలో ఉంది. గుండాల మాత్రం 2014లో చుట్టుపక్కల పల్లెలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. ఇప్పుడది ఎటపాక మండలంలో ఉంది. దర్శనం ఒక రాష్ట్రంలో, బుగ్గ ఇంకో రాష్ట్రంలో. గోదావరికి ఆ తేడా లేదు, యాత్రికుడికీ ఉండకూడదు. భద్రాచలంలో ఆటో మాట్లాడుకుంటే గుండాల తీసుకెళ్తారు. ఊళ్ళో దిగి ఎవరిని అడిగినా ఏటి వైపు చెయ్యి చూపిస్తారు.

నేను వెళ్ళింది చలికాలం పొద్దున. ఏరు బాగా తగ్గి ఉంది. ఒడ్డు దిగితే విశాలమైన ఇసుక మేట. చూడటానికి అక్కడ ఏమీ లేదు. గోపురం లేదు, కట్టిన గుండం లేదు, మెట్లు లేవు. ఆ ఊరి పెద్దాయన ఒకాయన మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు. “బుగ్గ కాడికేనా సార్? ఆడ కాదు, ఇంకా ఇటు రండి. ముందు చెయ్యి పెట్టి చూడాలి. ఇసుక వెచ్చగా తగిలిన కాడ తవ్వాలి” అన్నాడు. తానే మోకాళ్ళ మీద కూర్చుని, దోసిళ్ళతో ఇసుక తోడాడు. పైన ఇసుక పొడిగా, చల్లగా ఉంది. జానెడు లోతుకు తడి తగిలింది. ఇంకొంచెం తవ్వేసరికి గుంట అడుగున నీళ్ళు చేరడం మొదలైంది. మొదట బురద రంగు. ఇసుక రేణువులు కాసేపు సుళ్ళు తిరిగాయి. అవి మెల్లగా అడుగుకు దిగాక నీళ్ళు తేటపడ్డాయి. “ఇప్పుడు పెట్టండి” అన్నాడాయన. వేళ్ళు ముంచాను. వేడి! ఎండకు కాగిన పైపై వేడి కాదది. కింద నుంచి వస్తున్న వేడి. గుంట అంచున ఇసుక కూలి పూడుతుంటే ఆయన మళ్ళీ తోడి గట్టు కట్టాడు. రెండో చెయ్యి పక్కనే పారుతున్న గోదావరిలో ముంచి చూశాను. జివ్వుమంది. నాలుగు బారల దూరంలో ఒక చేతికి చలి, ఒక చేతికి కాక.

మా వెంట వచ్చిన పిల్లలు అక్కడి నుంచి కదల్లేదు. ఎవరి గుంట వాళ్ళు తవ్వుకున్నారు. కొన్ని గుంటల్లో నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి, కొన్నింట్లో చురుక్కుమన్నాయి. రెండు మూరల తేడాకే వేడి మారుతోంది. ఆ పెద్దాయన తన చిన్నతనం చెప్పాడు. చలికాలం పొద్దున్నే ఊరి ఆడవాళ్ళు ఇక్కడికి వచ్చి, పిల్లలకు నీళ్ళు పోసి, బట్టలు ఉతుక్కుని వెళ్ళేవారట. బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుడు శీతకాలంలో ఇక్కడే స్నానం చేశారని భద్రాద్రి స్థలకథ. కథ చెప్పినవాళ్ళు రుతువు కూడా చూసి చెప్పారు. చలికాలంలోనే కదా వేన్నీళ్ళ విలువ తెలిసేది.

ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పుకుందాం. గోదావరి లోయలో అగ్నిపర్వతం లేదు. కానీ నేల లోతుకు పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. మామూలుగా ఒక్కో కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు. వాన నీరు రాతి పగుళ్ళలోంచి లోతుకు ఇంకిపోయి, అక్కడ కాగి, అనుకూలమైన పగులు దొరికితే ఒత్తిడికి పైకి లేస్తుంది. పైకి వచ్చే దారిలో చల్లారిపోకముందే నేల మీదికి చేరితే అది వేడినీటి బుగ్గ. అలాంటి లోతైన పగుళ్ళకు గోదావరి లోయ పెట్టింది పేరు. దాదాపు 30 కోట్ల ఏళ్ళ కిందట, మన దేశం గోండ్వానా మహాఖండంలో భాగంగా ఉన్నప్పుడు, ఇక్కడి నేల రెండు పక్కలకూ సాగి నడుమ కుంగింది. ఆ కుంగిన పల్లంలో నదులు తెచ్చిన ఇసుకా, అడవులూ పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఆ అడవులే మన సింగరేణి బొగ్గు. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైన బొగ్గుకూ, గుండాల ఇసుకలో ఊరే వేడినీటికీ మూలం ఆ పాత పల్లమే. ఆ నేల ఇంకా పూర్తిగా నిద్రపోలేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ పక్కనే మణుగూరు ప్రాంతంలో బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి వేడినీళ్ళు వాటంతట అవే పైకి తన్నుకొచ్చాయి. పగిడేరు దగ్గర అలాంటి నీటి వేడితో 20 కిలోవాట్ల విద్యుత్తు తీసే ప్రయోగానికి సింగరేణి సంస్థ పూనుకుంది. అంటే రామదాసు పాడిన ఒడ్డు కింద ఉన్న వేడి ఇవాళ దీపం వెలిగించే పనికి వస్తుందా అని ఇంజనీర్లు చూస్తున్నారు. మన దేశంలో ఇలాంటి వేడినీటి బుగ్గలు 300కు పైగా ఉన్నాయి. హిమాలయాల్లో మణికరణ్, బీహార్‌లో రాజగిరి అందరికీ తెలుసు. మన గుండాల మన పక్క జిల్లాల వాళ్ళకే తెలియదు.

ఇలాగే ఒక రచయితనూ, ఒక వేడినీటి కొలనునూ కలిపి చూసుకునే చోటు చూపించడానికి ఇప్పుడు మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను. ఐస్‌లాండ్. ఉత్తర ధ్రువ వలయానికి దగ్గరగా, సముద్రం నడుమ ఉన్న ద్వీపం. అక్కడ రేక్‌హోల్ట్ అనే చిన్న పల్లె ఉంది. ఆ పల్లెలో 13వ శతాబ్దంలో స్నోరి స్తుర్లుసన్ అనే రచయిత ఉండేవాడు. పుట్టింది 1179లో. మన తిక్కన సోమయాజి కంటే కాస్త పెద్దవాడు, ఒకే శతాబ్దం వాళ్ళు. తిక్కన నెల్లూరు రాజ్యంలో మంత్రి అయితే, స్నోరి తన దేశపు శాసన సభకు పెద్ద. యూరపులో చాలామంది పండితులు లాటిన్‌లో రాస్తున్న రోజుల్లో ఆయన తన తల్లిభాషలో రాశాడు. ఉత్తర దేశాల దేవతల కథలూ, పద్యం కట్టే పద్ధతీ చెప్పే ఎడ్డా, నార్వే రాజుల చరిత్ర చెప్పే హేమ్‌స్క్రింగ్లా ఆయన పుస్తకాలు. ఓడిన్, థోర్ కథలు ఇవాళ ప్రపంచానికి తెలిశాయంటే అందులో పెద్ద పాలు స్నోరిదే.

స్నోరి ఇంటి దగ్గర ఒక వేడినీటి కొలను ఉంది. ఇప్పటికీ ఉంది. గుండ్రంగా, రాళ్ళు పేర్చి కట్టింది. అడ్డంగా కొలిస్తే 4 మీటర్లు. కొంచెం దూరంలో ఉన్న బుగ్గ నుంచి నేలలో రాతి కాలువ వేసి దానిలోకి నీళ్ళు తెచ్చారు. ఇంట్లోంచి కొలను దాకా సొరంగ దారి కూడా ఉండేది. ఒక సాయంత్రం స్నోరి ఆ నీళ్ళలో కూర్చుని, దేశంలోని నాయకుల గురించి తన వాళ్ళతో మాట్లాడుకున్న సంగతి ఆ కాలపు గాథలోనే రాసి ఉంది. ఆయన జీవితం కూడా రాజకీయాల్లోనే ముగిసింది. నార్వే రాజుకు కంటగింపయ్యాడు. 1241 సెప్టెంబరు 23న ఆయన మాజీ అల్లుడి మనుషులు ఇంటి మీద పడి, నేలమాళిగలో చంపేశారు. గోల్కొండ వీధుల్లో మాదన్నకు జరిగింది, అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందే రేక్‌హోల్ట్‌లో స్నోరికి జరిగింది. రాజుల దగ్గర కలం పట్టినవాళ్ళ బతుకు ఎక్కడైనా ప్రమాదంలోనే ఉంది.

స్నోరి కథ ఎత్తుకున్నది ఆ కొలనును వాళ్ళు చూసుకున్న తీరు చెప్పడానికి. 1817లోనే దాన్ని రక్షించవలసిన ప్రాచీన కట్టడాల జాబితాలో చేర్చారు. రాళ్ళు కదిలితే మళ్ళీ పేర్చారు. సొరంగ దారిని తవ్వి వెలికి తీశారు. పక్కనే స్నోరి పేరుతో పరిశోధన సంస్థ పెట్టారు, పుస్తకాలు చేర్చారు. ఆయన విగ్రహాన్ని నార్వే దేశం 1947లో కానుకగా పంపింది. మొత్తం చూస్తే మన పల్లెల్లో దిగుడుబావి అంత కూడా ఉండదు ఆ కొలను. అయినా దేశదేశాల నుంచి వచ్చి దాని ఒడ్డున నిలబడతారు. మూడు, నాలుగు లక్షల జనాభా ఉన్న దేశం చేసిన పని అది. ఆ దేశంలో నూటికి తొంభై ఇళ్ళకు చలిలో వెచ్చదనం నేలలోని వేడినీటి నుంచే వస్తుంది. తమకు అన్నీ ఇచ్చిన నేల మీద వాళ్ళకు గౌరవం ఉంది. పుస్తకాన్నీ, నేలనూ వాళ్ళు ఒక్క చోట నిలబెట్టి చూపిస్తున్నారు.

భద్రాచలంలో మనం గుడిని చూసుకుంటున్నాం. నవమికి మిథిలా స్టేడియం నిండిపోతుంది. ముక్కోటికి తెప్పోత్సవం చూడటానికి గోదావరి ఒడ్డున చోటు దొరకదు. రామదాసు చేయించిన నగలు భద్రంగా ఉన్నాయి. ఇదంతా గర్వించవలసిన సంగతే. ఆ గుడి చుట్టూ ఉన్న తీర్థాలన్నీ యాత్రికులకు తెలిసింది కూడా రామదాసు కట్టించిన ఆ గుడి వల్లనే. గుడి లేకపోతే గుండాల ఇసుక ఏటి ఒడ్డున ఉన్న పల్లెవాళ్ళకు మాత్రమే తెలిసిన సంగతిగా ఉండిపోయేది. ఆ తీర్థాల్లో ఉష్ణగుండానికే దిక్కు లేకుండా పోయింది. అక్కడ ఒక బోర్డు పెట్టి, ఈ వేడి ఎందుకు వస్తోందో, ఎప్పుడు రావాలో, ఎక్కడ దిగకూడదో నాలుగు ముక్కలు రాస్తే చాలు. పెద్ద పెద్ద కట్టడాలు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. సిమెంటు గుండం కట్టి, టైల్సు వేసి, టికెట్టు పెడితే ఆ చోటు పాడవుతుంది. చేత్తో తవ్వి, వేడి తెలుసుకోవడంలోనే దాని గొప్పతనం ఉంది.

కట్టినా నిలవదు కూడా. గోదావరి సంగతి మీకు తెలుసు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ వరదల్లో గుండాల ఇసుకే కాదు, ఊళ్ళే మునిగాయి. వరద తీసిన ప్రతిసారీ ఇసుక మేట మారుతుంది. నిరుడు వేడి తగిలిన చోట ఈ ఏడు తగలకపోవచ్చు. అందుకే ఊరి మనిషి సాయం లేకుండా బుగ్గ దొరకదు. ఆ జ్ఞానం ఆ పల్లెలవాళ్ళ చేతుల్లో ఉంది, పుస్తకాల్లో లేదు. దిగువన పోలవరం డ్యాం నిండితే ఈ ఒడ్డు ఏమవుతుందో అన్న దిగులు కూడా వాళ్ళకు ఉంది. ఆ దిగులును రెండు రాష్ట్రాలవాళ్ళూ కూర్చుని వినాలి. బుగ్గ ఉన్న మేర ఇసుక తవ్వకాలు జరగకుండా చూడాలి. ఇసుక పోతే నీరు ఊరే దారి మారిపోతుంది.

నాకు ఇంకో ఆశ ఉంది. భద్రాచలంలో, కొత్తగూడెంలో, పాల్వంచలో కాలేజీలు ఉన్నాయి. సైన్సు చదివే పిల్లలున్నారు. వాళ్ళ అధ్యాపకులు ఒక థర్మామీటరు, ఒక నోటుపుస్తకం ఇచ్చి నెలకొకసారి గుండాల పంపితే చాలు. నీటి వేడి ఎంత, ఏటిమట్టం ఎంత, గుంట ఎక్కడ తవ్వారు, రాసిపెట్టుకోవాలి. పదేళ్ళు రాస్తే గోదావరి లోయ గురించి మనకే ఒక కొత్త పుస్తకం తయారవుతుంది. లెక్క రాయడం రామదాసుకు తెలిసిన విద్యే.

వెళ్ళదలచినవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మంచి కాలం. జూలై నుంచి అక్టోబరు దాకా వెళ్ళకండి, ఒడ్డు మునిగి ఉంటుంది, ప్రాణాల మీదికి వస్తుంది. ఏరు తగ్గినప్పుడు కూడా గోదావరిలో లోతుకు దిగకండి, సుళ్ళుంటాయి. గుంటలో నీళ్ళను ముందు వేలితో చూసి, ఆ తర్వాతే పిల్లల చెయ్యి పెట్టనివ్వండి. ఆ నీళ్ళు తాగకండి. సబ్బులూ, షాంపూ పొట్లాలూ, ప్లాస్టిక్ సీసాలూ ఇసుకలో వదలకండి. తవ్విన గుంటను పూడ్చి రండి, చీకట్లో పశువుల కాళ్ళు పడతాయి. దారి చూపించిన మనిషికి తగినంత ముట్టజెప్పండి. అది వాళ్ళ ఏరు, వాళ్ళ తెలివి.

వచ్చేటప్పుడు పొద్దుగూకే వేళకు కొండ మీదికి వెళ్ళి రామదాసు చేయించిన నగలు చూడండి. పిల్లలకు ఆ పద్దు కీర్తన వినిపించి, ఏ నగ ఏదో వాళ్ళ చేతే గుర్తుపట్టించండి. తిరిగి హైదరాబాదు వచ్చాక ఒక ఆదివారం గోల్కొండ బందీఖానాకు తీసుకెళ్ళండి. మా మహేశ్వరం శివగంగ కోనేరుకు కూడా రండి. శంషాబాద్ పక్కన నర్కుడ దగ్గర అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఉంది, అదీ చూడండి. రామదాసు నడిచిన దారిని ఒక్కసారి పూర్తిగా తిరిగివస్తే, ఆ కీర్తనలు మీ చెవికి ఇంకోలా వినబడతాయని నేను పూచీ పడతాను.

రెండు ప్రభుత్వాల పర్యాటక శాఖలకూ, దేవస్థానం పెద్దలకూ ఈ రేడియో ద్వారా నా మనవి ఒక్కటే. వచ్చే ముక్కోటి లోపు గుండాల దారి మొదట్లో ఒక బోర్డు, ఒడ్డున ఒక చెత్తబుట్ట, సెలవు రోజుల్లో దారి చూపించడానికి ఆ ఊరి యువకులు ఇద్దరికి జీతం, ఈ మూడూ ఏర్పాటు చేయండి. ఇంతకంటే ఎక్కువ ఆ బుగ్గకు అవసరం లేదు.